పదకొండో పేరా

"ముడతల బట్టలతో నలుగురిలోకి నేను రాను. పొద్దుట్నించీ చెబుతూనే ఉన్నాను," అంది అత్త, ఇస్త్రీపెట్టె అడుగున తడివేలు తగిలించి, చుయ్యిమన్న చప్పుడు విని తృప్తి పడుతూ.

"ఇవాళ ఒక్కరోజే కదా అత్తయ్యా. ఆ పాత స్వెట్టరు వేసుకుని రండి. వెళ్ళేది లాయరు దగ్గరికి, పెళ్ళికి కాదు." కోడలు ఈ మాట అనడం ఇది నాలుగోసారి.

"పెళ్ళికైతే మెళ్ళో ఏదో ఒకటి వేసుకునేదాన్ని. అవన్నీ ఎటూ పోయాయి. ఇస్త్రీ అయినా మిగలనీ."

"పోనీ ఆ నీలం శాలువా మానేయండి."

"ఎందుకు మానాలో చెప్పు, మానేస్తాను."

ఎందుకో కోడలికి తెలుసు. చెప్పగలిగితే ఈ గొడవ మొదటిసారికే తెగిపోయేది.

కిటికీ గొళ్ళేనికి వేలాడదీసిన అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్న కొడుకు వైపు తిరిగింది అత్త. "నువ్వైనా చెప్పరా దీనికి."

"మీ ఇద్దరి మధ్యా నన్ను సాక్షిగా లాగకండి. నా సాక్ష్యం నమ్మదగ్గది కాదని మొన్ననే ముద్ర వేసి మరీ పంపించారు," అన్నాడతను నురగ మధ్యలోంచి.

"నానమ్మా, పన్నెండో గదివాళ్ళు ఇస్త్రీపెట్టె కోసం రెండుసార్లు తలుపు కొట్టారు," అంది బడి సంచీ సర్దుకుంటున్న మనవరాలు.

"కొట్టనీ. బయట పలక మీద ఎనిమిదింపావు అని నీ చేతే రాయించాను. ఇంకా ఏడు నిమిషాలుంది."

ఆ ముద్ర వేసిన ఉత్తరం దగ్గరే పోయిన వారం మనం వీళ్ళని వదిలి వచ్చాం. పద్నాలుగు నెలలుగా ఈ వసతి భవనంలో, నాలుగో అంతస్తులో, నాలుగు మంచాలు పట్టే ఒక్క గదిలో ఆ ఉత్తరం కోసమే వాళ్ళు ఎదురుచూశారు. పని చేసుకుంటామంటే అనుమతి లేదన్నారు. వేరే ఊరు వెళ్ళొస్తామంటే సంతకం పెట్టి వెళ్ళమన్నారు. చివరికి వచ్చిన కవరులో పందొమ్మిది పేరాలున్నాయి. అన్నిటి సారం ఒక్కటే: మీకు ఈ దేశపు రక్షణ అవసరమని మేము నమ్మడం లేదు. అప్పీలు చేసుకోవడానికి పద్నాలుగు రోజుల గడువు. అది కవరు చేతికి అందిన రోజు నుంచి కాదు, దాని మీద అచ్చయిన తారీకు నుంచి. కవరు దారిలోనే ఆరు రోజులు తినేసింది. రెండు రోజులు లాయరు దొరకడానికి పోయాయి. ఇంక మిగిలినవి ఆరు.

సొంత ఊళ్ళో బడిలో లెక్కలు చెప్పిన కోడల్ని ఈ భవనంలో అందరూ టీచరమ్మ అంటారు. ఆమె భర్త ప్రెస్సాయన. ఆ ప్రెస్సు ఎప్పుడో బూడిదైపోయినా పిలుపు మాత్రం సరిహద్దు దాటి వెంట వచ్చింది. మిల్లు కార్మికుల కరపత్రాలు అచ్చు వేసినందుకు ముందు పోలీసులు అతని తమ్ముడి కోసం వెతికారు. ఇంట్లో అందరూ చిన్నోడనే ఆ కుర్రాణ్ణి, దాక్కున్న చోటికి తిన్నగా వచ్చి పట్టుకుపోయారు. రెండున్నరేళ్ళయింది. బతికున్నాడో లేదో తెలియదు. ఆ తర్వాత ప్రెస్సు తగలబెట్టారు. ఆ తర్వాతే వీళ్ళు కదిలారు.

ఈ ఇంట్లో ఈ దేశపు భాష చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరే, టీచరమ్మ, పన్నెండేళ్ళ కూతురు. వచ్చీ రాగానే ఎవరి మాట వింటే వాళ్ళ మాట పట్టేసే ఆ పిల్లకి నానమ్మ పెట్టిన పేరు చిలక. ఆ ఉత్తరం మాత్రం చిలక చేతికి ఇవ్వకుండా, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని టీచరమ్మే చదివింది. చదివి వచ్చి, "కాగితాలు సరిపోలేదంటున్నారు," అని ఊరుకుంది. పదకొండో పేరా సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ శాలువా గొడవ ఉండేది కాదు. కానీ ఆ ముక్క అత్తగారి మొహం మీద ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.

అత్త ఎనిమిదింపావుకి సరిగ్గా ఇస్త్రీపెట్టె పన్నెండో గదికి ఇచ్చేసి, నీలం శాలువా భుజాన వేసుకుని, మడతలు సమంగా సర్దుకుని, "పదండి," అంది.

*

లాయరమ్మ గది చెప్పులు కుట్టే కొట్టు పైన, రెండో అంతస్తులో ఉంది. కుర్చీలు మూడే. కిటికీలో ఫైళ్ళు, నేల మీద ఫైళ్ళు, చేతులు కడుక్కునే తొట్టి మీద చెక్క పరిచి దాని మీదా ఫైళ్ళు. ముప్పై అయిదేళ్ళు దాటని మనిషి. కళ్ళ కింద నలుపు చూస్తే ఇంకో పదేళ్ళు కలపాలనిపిస్తుంది. ఆమె రుసుము తీసుకోదు. అందుకే ఆమె దగ్గర ఖాళీ లేదు.

ఆమెకి వీళ్ళ భాష రాదు. దుబాసీ ఫోన్లో ఉంటాడు. బల్ల మధ్యలో పెట్టిన ఫోనులోంచి ఏ ఊరినుంచో ఒక మగగొంతు మాట్లాడుతుంది. దాని వెనక ఒక కుక్క అరుస్తూ ఉంటుంది.

"అమ్మగారూ, అయ్యగారూ, నమస్కారం. ఇక్కడ మీరు ఏది మాట్లాడినా నేను లాయరుగారికి చెప్పాలి. ఆవిడ ఏది మాట్లాడినా మీకు చెప్పాలి. నా సొంతంగా ఏమీ కలపను, ఏమీ దాచను," అంది ఆ గొంతు.

"ఆ కుక్క ఏమంటోందో అది కూడా చెబుతాడా?" అన్నాడు ప్రెస్సాయన మెల్లిగా. గొంతు ఆ మాటనీ ఆ భాషలోకి మార్చి చెప్పింది. లాయరమ్మ మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె ఉత్తరం తీసి ఒక్కో పేరా చదువుతోంది. గొంతు వెనకే వచ్చి మన భాషలో చెబుతోంది. నాలుగో పేరా: అర్జీదారు తమ ఆస్తి దహనానికి సంబంధించి స్వదేశపు పోలీసులకు ఫిర్యాదు చేయలేదు.

"తగలబెట్టింది వాళ్ళే," అన్నాడు ప్రెస్సాయన.

"రాశాను. ముందుకి వెళ్దాం."

ఏడో పేరా: దహనానికి రుజువుగా ఫొటోలు గానీ, రసీదులు గానీ సమర్పించలేదు.

"మంట పెట్టినవాడి దగ్గర రసీదు రాయించుకోవాలని మాకు తట్టలేదండీ," అంది టీచరమ్మ. గొంతు కాస్త తడబడి అదీ చెప్పింది.

లాయరమ్మ పదో పేరా దాటింది. టీచరమ్మ కళ్ళు బల్ల మీదకి దించుకుంది. ఇప్పుడే దగ్గు వచ్చినా బాగుండును, ఫోను తెగిపోయినా బాగుండును అనుకుంది. ఏదీ జరగలేదు.

"పదకొండు," అంది గొంతు. "అర్జీదారు తన తమ్ముణ్ణి పోలీసులు తీసుకుపోయారని ప్రమాణపూర్వకంగా చెప్పారు. అయితే, వేరుగా జరిగిన విచారణలో అర్జీదారు తల్లి, తన చిన్నకొడుకు ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్ళాడనీ, క్షేమంగా ఉన్నాడనీ చెప్పారు. విచారణ సమయంలో ఆమె ఇస్త్రీ చేసిన దుస్తులు, శాలువా ధరించి, ప్రశాంతంగా కనిపించారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ప్రవర్తన ఇది కాదని మా అభిప్రాయం. కనుక తమ్ముడి అరెస్టు కల్పితమని భావిస్తున్నాము."

ఫోనులో కుక్క అరిచింది. అత్త చేయి శాలువా అంచు మీదకి వెళ్ళి ఆగిపోయింది. పొద్దుటి గొడవ ఎందుకు జరిగిందో ఆమెకి అర్థమైందని టీచరమ్మకి తెలిసిపోయింది.

ప్రెస్సాయన తల్లి వైపు తిరిగాడు. "అలా చెప్పావా అమ్మా?"

"చెప్పాను."

"చిన్నోడు బాగున్నాడనా?"

"అవును."

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిట్రా. వాణ్ణి తీసుకుపోయిన మర్నాడు నువ్వేగా నేర్పావు. ఎవరడిగినా ఉద్యోగం మీద వెళ్ళాడని చెప్పు, పక్కింటాళ్ళకీ అదే, పాలవాడికీ అదే, మీ అన్నయ్యకీ అదే అన్నావు. రోజుకి నాలుగుసార్లు చెప్పించావు. చిలక చేత ఎక్కాలు చెప్పించినట్టు."

"అది పక్కింటాళ్ళకమ్మా. వీళ్ళకి కాదు."

"వీళ్ళు నాకేమన్నా చుట్టాలా? బల్ల అవతల కూర్చున్న మనిషి మొహం నేనెప్పుడైనా చూశానా?"

వాళ్ళ మాటలకి ఒక్క అడుగు వెనక, ఎత్తూ తగ్గూ లేని గొంతుతో ఫోను అంతా లాయరమ్మకి చేరవేస్తోంది. తల్లీ కొడుకుల మధ్య మాట పరాయి భాషలో రెండోసారి వినపడుతుంటే టీచరమ్మకి సిగ్గేసింది.

"కాస్త ఆపండి," అంది ఫోనుతో. "ఇది మా ఇంటి సంగతి."

"ఆపమంటున్నారని లాయరుగారికి చెప్పమంటారా అమ్మగారూ?"

లాయరమ్మ కలం కింద పెట్టింది. విసుక్కోలేదు. ఇరుగుపొరుగువాళ్ళకి చెప్పే అలవాటు మాట ఇక్కడా వచ్చేసిందని రాస్తే కుదరదని చెప్పింది. విచారణ మొదలుపెట్టేముందే, మీరు చెప్పేదంతా రహస్యంగా ఉంచుతాం, భయం లేకుండా నిజం చెప్పండి అని అధికారి చెప్పాడు. అర్థమైందని ఈ పెద్దావిడ వేలిముద్ర కూడా ఉంది. అంత భరోసా ఇచ్చాక కూడా ఎందుకు దాచిందని అడుగుతారు. దానికి గట్టి కారణం కావాలి.

అత్త తల వంచుకుని తన బొటనవేలి వంక చూసుకుంది.

"ఒక్క మాట అడుగుతానండీ," అంది టీచరమ్మ. "పదిహేడో పేరాలో ఏముందో ఒకసారి చదవండి."

లాయరమ్మ కాగితం తిప్పింది. గొంతు చదివింది. "అర్జీదారు తన చేపల పడవను అమ్మిన వివరాలు సంతృప్తికరంగా వివరించలేకపోయారు."

"ఏ పడవ?" అన్నాడు ప్రెస్సాయన.

"మాకు పడవ లేదు," అంది టీచరమ్మ. "మా ఊరికి రెండు రోజుల ప్రయాణంలో సముద్రం లేదు. మా ఇంట్లో ఎవరికీ ఈత కూడా రాదు. ఆ పేరా ఎవరిది?"

లాయరమ్మ ఒక్క క్షణం నుదురు రుద్దుకుంది. "వేరే ఎవరిదో. పాత ఉత్తరం మీదే కొత్త ఉత్తరం తయారు చేస్తారు. తీసేయడం మర్చిపోయి ఉంటారు."

"మర్చిపోయారు," అంది టీచరమ్మ. "అరవై మూడేళ్ళ మనిషి, కొడుకు పోయిన మనిషి, భయపడి ఒక్క మాట తప్పు చెబితే మేం నలుగురం అబద్ధాలకోరులం. అన్ని చదువులూ చదివి, బల్ల ముందు కూర్చుని, మాకు లేని పడవ అంటగట్టి, అది అమ్ముకున్నామని కూడా రాసినవాళ్ళది మాత్రం మరుపు. పద్దెనిమిదేళ్ళు లెక్కల పేపర్లు దిద్దానండీ నేను. చివర జవాబు తప్పయినా, మధ్యలో మెట్లు సరిగ్గా వేసిన పిల్లకి ఆ మెట్లకి మార్కులు వేశాను. ఇక్కడ ఒక్క మెట్టు దగ్గర తడబడితే పేపరంతా అడ్డంగా కొట్టేస్తారా? కొట్టేసేవాడు ఏడో తరగతి పేపరు తెచ్చి పదో తరగతి పిల్లవాడికి అంటించినా అడిగేవాళ్ళుండరా? మా అత్తగారు శుభ్రంగా ఉంది కనక ఆవిడకి దుఃఖం లేదట. చింపిరి బట్టలతో వెళ్ళి ఉంటే, నాటకం అని రాసేవాళ్ళు కాదూ?"

గొంతు అంతా చెప్పింది. చివరికి వచ్చేసరికి ఆ గొంతులో కూడా ఏదో మారిందని టీచరమ్మకి అనిపించింది.

"మీరన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు," అంది లాయరమ్మ. "పడవ సంగతి నేను రాస్తాను. గట్టిగానే రాస్తాను. కానీ వాళ్ళ తప్పు వాళ్ళని ఎక్కడికీ పంపించదు. మీ తప్పు మిమ్మల్ని పంపించేస్తుంది. అందుకని మీ తప్పు గురించి మాట్లాడుకుందాం."

ప్రెస్సాయన ముందుకి వంగాడు. "మా అమ్మకి వయసు మీద పడింది. మతిమరుపు అని రాస్తే?"

డాక్టరు సర్టిఫికెట్ ఉంటే రాయొచ్చంది లాయరమ్మ. రేపు పొద్దున్నే చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడట.

"అదే చేద్దాం."

అత్త కిటికీలో ఫైళ్ళ వైపు చూస్తూ అంది. "రాసుకోండి. నాకు మతి లేదని రాసుకోండి."

టీచరమ్మ అత్త వైపు చూసింది. ప్రెస్సులో పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, ఫారాలు మడిచి, వెయ్యి పుస్తకాల్లో ఒక్క ఫారం తక్కువైనా ఎక్కడ తగ్గిందో చెప్పగలిగిన మనిషి ఈమె. ఈ భవనానికి ఎన్ని మెట్లో, ఏ గదివాళ్ళు ఎన్ని తువ్వాళ్ళు ఉతుక్కున్నారో చెబుతుంది. కానీ బాధ ఒక్కటే కాదు, లెక్క కూడా కనిపించింది.

"ఆగండి," అంది. "మతి లేదని మనమే రాస్తే, ప్రెస్సు తగలబెట్టిన రోజు ఆవిడ చూసింది ఏమవుతుంది? ఆ రోజు అక్కడున్నది ఆవిడ ఒక్కత్తే. జీపు నంబరు చెప్పింది ఆవిడే. మతి లేని మనిషి చెప్పిన నంబరు ఎవరు నమ్ముతారు?"

లాయరమ్మ ఇప్పటిదాకా రాసుకున్నది ఒకసారి చూసుకుంది. "అవును. ఒకటి సర్దితే ఇంకొకటి కూలుతుంది," అంది. "నాకు నిజమైన కారణం కావాలి. ఎల్లుండి సాయంత్రంలోగా. తర్వాత నేను రాయడానికి టైము ఉండదు."

*

మధ్యాహ్నం నాలుగో అంతస్తుకి బట్టలుతికే వంతు. నేలమాళిగలో రెండు యంత్రాలు. ఒకటి వాళ్ళు వచ్చినప్పటినుంచీ పాడైపోయే ఉంది. రెండోది తిరిగినప్పుడల్లా నేల మీద రెండంగుళాలు ముందుకి నడుస్తుంది.

దుప్పట్లు ఇద్దరు మడవాలి. ఒకళ్ళు రెండు కొసలూ, ఎదురుగా రెండోవాళ్ళు రెండు కొసలూ పట్టుకుని, లాగి, ఎదురెదురుగా నడిచి వచ్చి, కొసలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చుకోవాలి. ఈ పని అత్త కాగితం ఫారం మడిచినట్టే చేస్తుంది. అంచుకి అంచు కలవకపోతే విప్పి మళ్ళీ మొదలుపెడుతుంది. మూడో దుప్పటి మడుస్తుండగా కొసలు అందుకోవడానికి దగ్గరికొచ్చిన అత్త వెనక్కి వెళ్ళలేదు.

"ఆ పేరా నీకు ముందే తెలుసు," అంది.

"తెలుసు అత్తయ్యా. చెప్పలేకపోయాను."

"చెప్పి ఉంటే శాలువా మానేసేదాన్ని కాదు. ఇంకో రెండుసార్లు ఇస్త్రీ చేసి మరీ వేసుకునేదాన్ని." ఆమె నవ్వలేదు. "కారణం అడిగింది కదా ఆ లాయరు పిల్ల."

"అడిగింది."

"చిన్నోణ్ణి తీసుకుపోవడానికి నాలుగు రోజుల ముందు ఇంటికి ఒకడొచ్చాడు. మీరెవరూ లేరు. నువ్వు బళ్ళో ఉన్నావు, పెద్దోడు ప్రెస్సులో ఉన్నాడు. యూనిఫాం లేదు. కళ్ళజోడు, చంకలో ఫైలు. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. నన్ను అమ్మా అన్నాడు. మీ అబ్బాయి కోసం మిల్లు యజమాని మనుషులు తిరుగుతున్నారు, వాళ్ళకి ముందు దొరికితే ప్రాణంతో ఉంచరు, మాకు దొరికితే కాపాడతాం అన్నాడు. మీరు చెప్పింది నాతోనే ఉంటుంది, భయం లేకుండా నిజం చెప్పండమ్మా అన్నాడు. మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు."

యంత్రం గిరగిరా తిరుగుతూ ముందుకి జరిగింది. టీచరమ్మ దుప్పటి వదల్లేదు.

"చెప్పాను," అంది అత్త. "ఏ ఊరో, ఎవరి ఇంటి వెనక గదో, ఎటునుంచి వెళితే కుక్క అరవదో కూడా చెప్పాను. వాణ్ణి భద్రంగా తీసుకెళ్తారని."

"అత్తయ్యా."

"ఇక్కడ ఆ బల్ల అవతల కూర్చున్నవాడికీ కళ్ళజోడే. ముందు ఫైలే. దుబాసీ నోట అవే మాటలు వచ్చాయి, మన భాషలో. రహస్యంగా ఉంచుతాం, భయం లేకుండా నిజం చెప్పండి. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? మీ చిన్నబ్బాయి ఎక్కడున్నాడు? నా నోరు నేను తెరవకుండానే పలికింది. ఉద్యోగం మీద వెళ్ళాడు బాబూ, బాగానే ఉన్నాడు. ప్రశాంతంగా ఉన్నానని రాశారే, అవును, ప్రశాంతంగానే ఉన్నాను. ఈసారి చెప్పలేదు కదా అని."

ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఆమె పక్క మంచం మీద పడుకుని, ఈ మనిషి మనసులో ఇంత ఉందని పసిగట్టలేకపోయానే అనుకుంది టీచరమ్మ. వెంటనే పట్టరాని కోపం వచ్చింది. కోపం అత్త మీద కాదు. బతకనిస్తామని వచ్చి బిడ్డని పట్టుకుపోయినవాడూ, కాపాడతామని పిలిచి పదకొండో పేరా రాసినవాడూ, ఇద్దరూ ఒకే వాక్యం మాట్లాడారు. ఒకే వాక్యంతో ఒకే ముసలిదాన్ని రెండుసార్లు పట్టుకున్నారు. మొదటిసారి నమ్మినందుకు శిక్ష. రెండోసారి నమ్మనందుకు శిక్ష. ఇంక మూడో దారి ఏముంటుంది మనిషికి?

"ఈ సంగతి చెబితే ఆ పేరా పోతుందా?" అంది అత్త.

పోతుంది అని నోటిదాకా వచ్చింది. ఇంతకన్నా గట్టి కారణం ఏముంటుంది? కానీ ఆ మాట బయటికి రాకముందే ఇంకో కాగితం ఆమె కళ్ళ ముందు నిలబడింది. భర్త ఇచ్చిన వాంగ్మూలం. దాన్ని సాపు రాసింది తనే. తన గుండ్రటి చేతిరాతలో, మూడో పేజీలో, పైనుంచి రెండో వరుస: నా తమ్ముడు దాగిన చోటును మా ప్రెస్సులో పనిచేసిన కంపోజిటర్ పోలీసులకు తెలియజేశాడు.

సీసపు అక్షరాలు పేర్చే ఆ కంపోజిటర్ ఇరవై ఆరేళ్ళు వాళ్ళింట్లో మనిషిలా మసిలాడు. చిన్నోడు దాక్కున్న చోటు, దాచినవాళ్ళు పోగా, బయటివాళ్ళలో అతనికొక్కడికే తెలుసు. చిన్నోడు దొరికిపోయిన రోజు ప్రెస్సాయన అతన్ని మెడ పట్టి వీధిలోకి గెంటాడు. నేను కాదు బాబూ, నేను కాదు బాబూ అంటూ గుమ్మంలో కూలబడ్డాడా మనిషి. అత్త ఆ రోజు వంటింట్లోంచి బయటికి రాలేదు.

"అత్తయ్యా," అంది టీచరమ్మ మెల్లగా. "ఆయన వాంగ్మూలం మూడో పేజీలో కంపోజిటర్ చెప్పాడని ఉంది. ప్రమాణం చేసి సంతకం పెట్టారు. ఇప్పుడు మీరు చెప్పేది వేరు. పదకొండో పేరా పోతుందేమో గానీ, వాళ్ళకి ఇంకో పేరా దొరుకుతుంది. కొడుకు ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడని."

"వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి తెలియదు."

"అది మనకి తెలుసు."

అత్త మడిచిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. దిండుగలీబులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. చెప్పమని గానీ, వద్దని గానీ కోడలు ఏదో ఒకటి అంటుందని కాసేపు చూసింది. నిజం చెబితే ఇల్లు కూలుతుందేమో, చెప్పకపోతే తప్పకుండా కూలుతుంది. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమని అరవై మూడేళ్ళ మనిషితో ఏ నోటితో అనాలి? టీచరమ్మ దుప్పట్ల బుట్ట ఎత్తుకుంది. వెనక అత్త మెట్లెక్కుతున్న చప్పుడు ఆగి ఆగి వినిపించింది.

*

వంటగదిలో వీళ్ళ వంతు ఆరున్నర నుంచి ఏడుంపావు వరకు. కూర గిన్నె గదిలోకి తెచ్చుకుని, రెండు మంచాల మధ్య చిన్న బల్ల లాక్కుని, నలుగురూ కూర్చున్నారు.

ప్రెస్సాయన చాలా రోజుల తర్వాత హుషారుగా ఉన్నాడు. నిజమైన కారణం కావాలని లాయరమ్మ అన్న మాట అతని చెవిలో దూరినట్టే లేదు. డాక్టరుతో మాట్లాడేశాడు. రేపు పదింటికి రమ్మన్నాడట. జీపు నంబరు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ గండం గడవాలి అన్నాడు.

"ఇవాళ ఏ వారం అని అడుగుతాడు అమ్మా. గబుక్కున చెప్పేయకు. కాస్త ఆలోచించినట్టు చూడు. నెల అడిగితే రెండు నెలలు వెనక్కి చెప్పు."

"నానమ్మకి నా టైంటేబుల్ కూడా వచ్చు నాన్నా," అంది చిలక. "గురువారం మూడో పీరియడ్ ఏంటో నేను మర్చిపోతే నానమ్మే చెబుతుంది."

"నువ్వు అన్నం తిను. రేపొక్క గంట మీ నానమ్మకి ఏదీ రాదు."

"అబద్ధం కదా అది?"

ప్రెస్సాయన కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. టీచరమ్మ నీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. ఎవరి వైపూ చూడలేదు.

అత్త చేతిలో ముద్ద తిని, మంచినీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"డాక్టరు దగ్గరికి నేను రాను నాయనా," అంది. గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అంది.

"అమ్మా, మళ్ళీ మొదలెట్టకు. ఆరు రోజులు..."

"అయిదు. ఇవాళ అయిపోయింది. ఎల్లుండి దాకా కూడా ఆగను. రేపు పొద్దున్నే లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఆ ఫోన్లో మనిషిని పిలిపించమను. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆవిడ రాసుకుంటుంది. నువ్వూ రా. చిలక కూడా రానీ, ఒక పూట బడి మానితే ఏం కాదు. మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. అందరూ ఒకేసారి వినండి."

"ఏం చెబుతావమ్మా?"

అత్త కోడలి వైపు ఒకసారి చూసింది. సలహా అడిగిన చూపు కాదది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"చిన్నోడున్న చోటు వాళ్ళకి చెప్పింది మన కంపోజిటర్ కాదు. నేను. నీ కాగితం మూడో పేజీలో అతని మీద రాయించిన ముక్క కొట్టేయించు. కొట్టేసిన చోట నా పేరు రాయించు. కింద వేలిముద్ర నేనే వేస్తాను."